మెరుపు అంటని చోటు

ఫొటోను కిటికీ వెలుగుకు ఏటవాలుగా వంచేసరికి, చనిపోయిన పిల్జు పక్కన ఇంకో మనిషి కనిపించాడు.

గియుంగ్ ఫొటో నిటారుగా పెట్టాడు. మనిషి మాయం. మళ్ళీ వంచాడు. తలా, ఒక భుజమూ. పిల్జు చెవిలో ఏదో చెబుతున్నట్టు ఒరిగిన ఆకారం.

తప్పెక్కడుందో వెంటనే తెలిసింది. అంత్యక్రియల్లో పెట్టే ఫొటోల్లో పక్కవాళ్ళను చెరిపేయడం అతని స్టూడియోలో రోజూ ఉండే పనే. ఈసారి చెరిపిన చోట దాదాపు తెలుపే అనిపించే లేత బూడిదరంగు నింపకుండా తెల్లగా వదిలేశాడు. సిరా పడని చోట ప్రింటరు మెరుపు పూత కూడా వేయలేదు. నలుపు తెలుపు ఫొటో అంతా నిగనిగలాడుతుంటే, ఆ ఆకారం ఒక్కటే పాలిపోయి కనిపిస్తోంది. కొరియాలోని తోంగ్యోంగ్ రేవులో పదిహేనేళ్ళుగా ఇదే పని. ఇలాంటి పొరపాటు ఎన్నడూ చేయలేదు. నాలుగు రోజులుగా చేతులు స్వాధీనంలో లేవు.

పిల్జు శవం నిన్న ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఒంటరిగా చేపలు పట్టడానికెళ్ళి బండ మీంచి జారిపడ్డాడని పోలీసులు తేల్చారు. మూడు రోజులు వెతికిన పడవల్లో గియుంగూ ఉన్నాడు. చిన్ననాటి నేస్తం మరి. ఈ ఫొటో కూడా తన దగ్గరున్నదే వెతికి తీశాడు. పన్నెండింటికల్లా అది అంత్యక్రియల హాల్లో తెల్ల చామంతుల మధ్య ఉండాలి.

మళ్ళీ ప్రింటు తీయబోతుంటే పిల్జు తల్లి మల్‌సున్ లోపలికొచ్చింది. అతను దాచేలోపే ఫొటో అందుకుంది. కన్నీళ్ళలో సరిగ్గా కనబడక వెలుగు వైపు తిప్పింది. పక్కనున్న ఆకారాన్ని వేలితో తడిమింది.

పూత సరిగ్గా పడలేదనీ, కాసేపట్లో ఇంకోటి తీసిస్తాననీ గియుంగ్ బతిమాలాడు.

"వద్దు బాబూ. ఎవరో గుర్తుపట్టలేదా? పిల్జు వాళ్ళ నాన్న. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఫొటోకీ నిలబడని మహానుభావుడు, ఇవాళ పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు చూడు."

ఆమె నవ్వింది. కొడుకు ఆ చల్లటి నీళ్ళలో ఒక్కడే ఎంత భయపడ్డాడోనని ఈ నాలుగు రాత్రులూ కంటి మీద కునుకు లేదంది. హాల్లో ఇదే పెడతానంది.

"నా బిడ్డ ఒంటరిగా పోలేదు. పక్కన తోడున్నారు. ఇంక నాకు నిద్ర పడుతుంది."

గియుంగ్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఆయన కాదమ్మా, ఈ ఫొటోలోనూ, ఆ రోజు బండ మీదా వాడి పక్కనున్నది నేనే, మాటా మాటా పెరిగి తోసేసిందీ నేనే."