కరెంటు పోయినప్పుడల్లా

ఫ్యాను ఆగింది.

"చూస్తూ ఉండు, ఇప్పుడొస్తుంది," అంది వుంపిని.

నిమిషం తిరక్కుండా ఆమె ఫోను టింగుమంది.

"ఇక్కడ ఏమీ లేదు," అని కామెంటు.

పక్కనున్న స్నేహితురాలు సనాతు తొంగిచూసి, ఎండాకాలంలోనూ ఓణీ భుజాల మీదికి లాక్కుంది.

ఘనాలోని ఈ తమాలే ఊళ్ళో కరెంటు పోవడం వింత కాదు. పోయినప్పుడల్లా వుంపిని వ్యాసం మీద ఈ కామెంటు రావడమే వింత.

వ్యాసం పేరు 'ఫోనుతోనే మీ వెబ్ పేజీ'. కంప్యూటర్ లేని ఆడపిల్లల కోసం రాసింది. ఓ దుకాణం మేడమీద ఆడపిల్లలకి వెబ్ పని నేర్పుతూ అజారా అక్క నడిపే బృందంలో ప్రతి పిల్లా ఇలాంటిది ఒకటి రాయాలి. "నువ్వు రాసింది చదివి ఇంకో ఆడపిల్ల చేయగలగాలి. లేకపోతే అది రాతే కాదు," అంటుంది అక్క.

వుంపిని వ్యాసానికి లైకులు కుప్పలుగా పడ్డాయి. అందరూ మెచ్చుకున్నారు. ఈ ఒక్కటే పీడ.

"ఎవరే ఇది?" అంది సనాతు.

"పేరు లేదు. 'ఒక అక్క' అని ఉంది, అంతే."

"దయ్యాలక్కూడా వెబ్ పేజీలు కావాల్సొచ్చాయేమో!"

నవ్వబోయి మానేసింది సనాతు. ఫోను మళ్ళీ మోగింది మరి.

"బాణం ఎక్కడుంది, చెల్లీ? నేనిక్కడే నిలబడిపోయాను."

ఆ కామెంట్లన్నీ బొమ్మల దగ్గరే. ఏ బటన్ నొక్కాలో ఎర్ర బాణం వేసి చూపించిన బొమ్మల దగ్గరే. మాటలు రాసిన చోట ఒక్కటీ లేదు. అది గమనించాక వుంపినికి వెన్నులో చలి పుట్టింది. ఆమెకి భయమేసినా అది కోపంగానే బయటికొస్తుంది.

"ముందు బొమ్మ సరిగ్గా చూసి, తర్వాత మాట్లాడు," అని జవాబు కొట్టింది.

అంతే. ఆ తర్వాత కరెంటు పోయినా ఫోను మోగలేదు.

ఎడారి గాలి మొదలైంది. ఊరంతా దుమ్ము కప్పుకుంది. కరెంటు పోయినప్పుడల్లా వుంపిని చేతిలో పని ఆపి ఫోను వంక చూసేది. ఆ కామెంటు రాకపోవడం ఇంకా భయంగా ఉంది.

అప్పుడే రాజధాని అక్రా నుంచి ఓ కంపెనీ ఆవిడ ఫోన్ చేసింది. ఇలాంటి పాఠాలు రాసే ఉద్యోగం ఒకటుందట. అది రాకపోతే వుంపినికి మేనత్త షియా గింజల వెన్న దుకాణమే గతి. ఇంట్లో ఆ మాట ఖాయమైపోయింది కూడా.

"మీ వ్యాసం చదివి పేజీ తయారుచేసిన మనిషిని ఒక్కరిని చూపించండి చాలు," అందావిడ.

ఇంతేనా అనుకుంది వుంపిని. లైకు కొట్టినవాళ్ళని అడగడం మొదలుపెట్టింది.

"నువ్వు రాశావని కొట్టానే. చదివానని ఎవరన్నారు?" అంది ఒకతి.

"ఆ ఎర్ర బాణాలు ముద్దుగా ఉన్నాయి," అంది ఇంకొకతి.

సనాతు అయితే మొహం పక్కకి తిప్పుకుంది.

వుంపిని ఆశ వదులుకుని కూర్చున్న మధ్యాహ్నం ఫోను మోగింది. కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"పేజీ అయింది, చెల్లీ. చూడు."

లింకు నొక్కింది. నిజంగానే పేజీ! పైన 'నా తర్వాత వచ్చే చెల్లెళ్ళకి' అని ఉంది. పాఠం వుంపినిదే, కాని ఒక్క బొమ్మా లేదు. బొమ్మ ఉండాల్సిన ప్రతిచోటా మాటలే. 'వెనక్కి అనే బటన్ వస్తుంది. దాన్ని దాటండి. తర్వాతది మీకు కావాల్సింది.' చివర్లో 'టియుంబా, పెద్ద పిండిమర పక్కిల్లు' అని చిరునామా.

"దొరికిందే నా దయ్యం!"

వుంపిని సనాతుని బండి వెనకాల ఎక్కించుకుని దూసుకుపోయింది.

పిండిమర హోరుకి వీధిలో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. పక్కింటి గడపలో ఓ ముసలమ్మ జొన్నలు చెరుగుతోంది.

"టియుంబా ఉందా, మామ్మా?" వుంపిని గొంతు చించుకుంది.

"లేదు తల్లీ. ఈ గాలి మొదలైనప్పుడే మెడ పట్టేసి జ్వరం వచ్చింది. అల్లా దగ్గరికి వెళ్ళిపోయింది."

సనాతు వుంపిని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇందాకే నాకు రాసింది, మామ్మా!"

"పొద్దున నేనే ఆ ఫోనులో డేటా వేయించాను. పిల్ల పోయిన దగ్గర్నుంచీ ఫోను మూగబోయింది. దానికి ఆకలేస్తోందేమో అనుకున్నా. నా మనవరాలి మాటలేవో అందులోనే ఆగిపోయి ఉంటాయి."

ఇంతలో కరెంటు పోయింది. పిండిమర ఆగింది. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

ముసలమ్మ పక్కనున్న ఆ ఫోను అందుకుని వేలితో తట్టింది. అందులోంచి ఓ ఆడగొంతు పలికింది. కోపం, జాలి ఏమీ లేని గొంతు.

"బొమ్మలో ఎర్ర బాణం ఉన్న చోట నొక్కండి."

అది వుంపిని రాసిన వాక్యమే.

"బొమ్మ," అంది ఆ గొంతు. ఏ బొమ్మో, అందులో ఏముందో చెప్పలేదు. ముసలమ్మ మళ్ళీ తట్టింది.

"ముందు బొమ్మ సరిగ్గా చూసి, తర్వాత మాట్లాడు," అని పలికింది ఫోను.

వుంపిని ఫోను దగ్గరికి వంగింది.

"మర ఆగితేగానీ దీని మాట వినబడదు. కరెంటు ఎప్పుడు పోతుందా అని నా మనవరాలు కాచుకుని కూర్చునేది," ముసలమ్మ ఫోను మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "ఎవరో చెల్లి రాసిందట. ఆ ఒక్క పాఠమే ఎన్నిసార్లు వినేదో!"

"వినడమెందుకు, మామ్మా? తనే చదువుకోవచ్చుగా?" సనాతు అడిగింది.

ముసలమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఎలా చదువుతుంది తల్లీ? మా పిల్లకి పుట్టుకతోనే చూపు లేదుగా."