దీవి మీద మా వాడు

కాపలాకి వెళ్ళి నా కొడుకు ప్రాణం వదిలిన దీవి ఏ దేశానిదో పైకి చెప్పకూడదట. ఆ మాట చెప్పడానికి విదేశాంగశాఖ ఆఫీసరు ఇంటిదాకా వచ్చాడు. టీ ఇస్తే తాగలేదు, వద్దనీ అనలేదు. ఉద్యోగం నేర్పిన అలవాటు కాబోలు.

"శవాన్ని పంపమని అడిగితే దీవి అవతలి దేశం వాళ్ళదని ఒప్పుకున్నట్టేనమ్మా. అడక్కుండా తెచ్చుకుంటే యుద్ధం."

"మరి మా వాణ్ణి కాపలాకి పంపినప్పుడు ఎవరిది బాబూ?"

"అప్పుడూ మనం ఏమీ అనలేదమ్మా."

ఎంత తెలివి! నోరు మెదపకుండానే నా బిడ్డని మింగేశారు. ఆ మాటే మొహాన అనేసి పంపించాను.

పెరట్లోంచి కోడలు గోడ పట్టుకుని వచ్చింది. నిండు నెలలు.

"ఎవరత్తయ్యా? ఆయన ఎప్పుడొస్తారట?"

అంత గయ్యిమన్నదాన్ని, ఆఫీసరు తాగని టీ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"ఇంకా ఏమీ తేలలేదు తల్లీ," అన్నాను. "ముందు నువ్వు అన్నం తిను."