సానకు వదిలిన మందం

ఈ పానా కూడా మందం కొలిచే గేజిలో దూరలేదు. ఆమె దాని మీద సుద్దతో గీత గీసి పక్కన పడేసింది. పొద్దుటిపూట వచ్చే సరుకంతా ఇంతే. సాన పట్టినప్పుడు అరగడానికని రవ్వంత ఇనుము ఎక్కువ ఉంచాలి, నిజమే. కానీ ఇది రవ్వంతా? బాగా బలిసిపోయింది. ఎండెక్కితే మళ్ళీ అదే అచ్చులోంచి పానాలు ముచ్చటగా వస్తాయి.

పనికిరాదని తిప్పిపంపిన సరుకు గుట్ట పడుతోంది. "సరుకు చెడ్డదో నీ చూపు చెడ్డదో తేల్చు. లేదంటే వేరే మనిషిని చూసుకుంటా" అన్నాడు సూపర్‌వైజరు. ఈ పని పోతే, చంటిపిల్లను పక్కన పడుకోబెట్టుకోనిచ్చే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? గేజిల గదిలో రేకు గోడ వారగా గోనెపట్టా మీద పిల్ల ఆదమరిచి నిద్రపోతోంది. బయట చలి కొరికేస్తున్నా ఆ గోడ మాత్రం వెచ్చగా ఉంటుంది. షెడ్డు అవతలి కొసనున్న కొలిమి సెగ ఇక్కడిదాకా వస్తోంది కాబోలు అనుకునేది.

ఆమె అనుమానమంతా ఇనుమును అచ్చులో అణగ్గొట్టే హ్యామర్ మేస్త్రి మీదే. అచ్చు చల్లగా ఉంటే ఇనుము అణగదు. అందుకే పని మొదలెట్టే ముందు ఎర్రగా కాల్చిన ఇనప దిమ్మల్ని అచ్చుల మధ్య పెట్టి కాచాలి. ఆయనేమో రోజూ సరిగ్గా ఆ వేళకే ఆమె గది రేకు గోడ వెనక సందులోంచి ఖాళీ పట్టకారు ఊపుకుంటూ వస్తాడు. నక్కి పొగ తాగొస్తున్నాడన్నమాట. పైగా ఈ గేజి పనిలో తన మరదల్ని పెట్టించాలని చూసినవాడాయె.

"అచ్చులు కాచారా బాబాయ్?"

"ఆఁ, కాచాను."

"మరి ఇవెందుకిలా ఉబ్బాయి?"

"చలి కదమ్మాయ్, దుప్పట్లు కప్పుకున్నాయేమో" అని నవ్వేసి, "పిల్ల లేచిందా?" అన్నాడు.

మాట ఎలా మారుస్తున్నాడో చూడు అనుకుంది. మధ్యాహ్నం వెళ్ళి, చూసిందంతా సూపర్‌వైజరు చెవిన వేసింది. ఆయన అందరి ముందూ మేస్త్రిని నిలదీశాడు.

"దిమ్మలు పెట్టలేదు, నిజమే. మర్చిపోయాను."

"రోజూనా?"

అంతా గొల్లుమన్నారు. మేస్త్రి ఒక్కసారి గేజిల గదివైపు చూసి తల దించుకున్నాడు. సాయంత్రానికల్లా ఆయన్ను హ్యామర్ మీంచి తీసేసి తుక్కు మోసే పనిలో వేశారు.

మర్నాడు కొత్త మనిషి దిమ్మలన్నీ అచ్చుల మధ్యే పేర్చాడు. మొట్టమొదటి పానానే గేజిలో నున్నగా దూరింది. తన మాటే నెగ్గిందని ఆమె గుండె తేలికపడింది. ఇంతలో పిల్ల గుక్కపట్టి ఏడుపు అందుకుంది. పాలిచ్చింది, భుజాన వేసుకుంది, ఊరుకోలేదు. పాదాలు ముట్టుకుంటే జిల్లుమన్నాయి. అవతల కొలిమి ఎప్పట్లాగే భగభగ మండుతోంది. పిల్లను గోడకు ఇంకాస్త దగ్గరగా పడుకోబెడదామని రేకు మీద చెయ్యి వేసింది.

అది మంచుగడ్డలా ఉంది.