లీవులో పోయినోళ్లు

"నాయనా, పవన్ లీవులో పోయినాడంట. రేపు వస్తాడేమో."

ఎస్టీడీ బూతు నుంచి రాగానే ఉమాదేవి తీపి ఓళిగలు చేయడానికి శనగబేడలు తీసింది. కొడుకు పవన్ నేవీలో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అలాంటి ట్రైనింగ్ స్క్వాడ్రన్‌లోనే ఆమె తండ్రి దేవప్ప వంట చేశాడు.

శనక్కాయలు ఒలుస్తున్న అతని చెయ్యి ఆగింది.

"లీవు అనే చెప్పిరా?"

"ఊ. పవన్ స్క్వాడ్రన్‌లో ఫోనెత్తిన ఆయప్ప ఎవరినో అడిగొచ్చినాడు. మళ్లా చెప్పినాడు. లీవు నుంచి వచ్చినోళ్లకు నువ్వేం వండుతాంటివి నాయనా?"

"వాళ్లకు మళ్లా వండలేదు మా."

"ఎందుకు?"

"విమానం తిరిగి రానోళ్లను, లీవులో పోయినారనే అంటాంటిమి."

బేడల్లో నీళ్లు పోయబోయిన ఉమాదేవి చెంబు దించింది.

"పెనుకొండ స్టేషన్ నుంచి మన ఇంటికి ఎట్ల రావల్లని ఆయప్ప అడిగినాడు నాయనా."