మిగిలిన సమయం

“ఇందాక రెండు నిమిషాలన్నావు. ఇప్పుడు పదకొండు చూపిస్తోందేమిటి?” కంప్యూటరు ముందున్న ఎడిటరమ్మాయిని మేనేజరు గదమాయించాడు.

పక్క హాల్లో అందరూ వీడ్కోలు వీడియో కోసం కాచుకుని ఉన్నారు. ఆరోజే రిటైరవుతున్న స్టోర్‌కీపరు కూడా సంగతేమిటో చూద్దామని లోపలికొచ్చాడు.

“ఇప్పటిదాకా వీడియో తయారైన వేగాన్నిబట్టి మిగిలిన సమయాన్ని కంప్యూటరు అంచనా వేస్తుంది సార్. ముందున్నవి స్టోర్‌కీపరు గారి ఫోటోలు. నాలుగే కాబట్టి చకచకా అయిపోయాయి. ఇప్పుడు మీ సందేశం మొదలైంది.”

“అయితే ఆ ఫోటోలు తీసెయ్.”

స్టోర్‌కీపరు నవ్వాడు.

“తీసేయమ్మా, పర్లేదు. వాటిల్లో కూడా మధ్యలో ఉన్నది సారే. నాది ఓ పక్కన సగం చెవి కనిపిస్తుందంతే.”

ఆమె ఫోటోలు మళ్లీ తెరిచి చూసింది. నిజమే. వాటిని వరసగా పేర్చింది తనే, అయినా గమనించలేదు.

“నేను వెళ్లి అందరికీ ఓ మాట చెప్పేసి వస్తా,” అంటూ స్టోర్‌కీపరు హాల్లోకి నడిచాడు. ఆమె చప్పుడు కాకుండా లేచి ఆయన వెనకాలే వెళ్లింది.

కాసేపటికి హాలు నవ్వులతో, చప్పట్లతో దద్దరిల్లింది.

మేనేజరు తెరమీంచి చూపు తిప్పకుండానే, “ఏమ్మా, పూర్తికాకుండానే నా సందేశం వేసేశారా?” అని అడిగాడు.

జవాబు చెప్పడానికి గదిలో ఎవరూ లేరు.