బురద చొక్కా

మా ఊరి రగ్బీ క్లబ్బుకు నూరేళ్లు నిండాయి. గోడ మీది తెర లాగగానే పాత ఫొటో బయటపడింది. కుర్ర క్లెమ్ ఒళ్లంతా బురదతో గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు కొడుతున్నాడు. కింద ఇత్తడి రేకు మీద "మన క్లబ్బు గర్వకారణం" అని చెక్కించాం.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది పక్క ఊరి జట్టువాళ్లే.

"చూశావా, ఎంత పెద్ద మనసో!" అంది అధ్యక్షురాలు హిల్డా, కళ్లు తుడుచుకుంటూ.

ముసలి క్లెమ్ నాకూ వినపడేలా గొణిగాడు. "పెద్ద మనసా, నా మొహమా! ఆ రోజు మనతో ఆటకి వాళ్లకి ఒక మనిషి తక్కువైతే, ఆనవాయితీగా మనవాళ్లే నన్ను అరువిచ్చారు. బురదలో తెలీట్లేదు గానీ, అది వాళ్ల చొక్కా తల్లీ. ఆ దెబ్బకే మనం ఓడిపోయాం."

"నోర్మూసుకుని చెయ్యూపు, ముసలోడా!" అంది హిల్డా, నవ్వు చెదరనివ్వకుండా.