పీకిన మొక్కలు

తెడ్డు దెబ్బ తగలగానే మరిది బురదలో బోర్లా పడ్డాడు. చెవి పక్కన చిట్లి నెత్తురు మెడ మీదికి కారింది.

"నా మడ మొక్కలే పీకుతావురా? ఒడ్డు కోసుకుపోయే కదా మీ అన్న ఇంటితో సహా కొట్టుకుపోయాడు! ఆ ఒడ్డు నిలబడాలనే కదరా ఇన్ని నాటాను!" వదిన మళ్ళీ కొట్టింది, ఈసారి భుజం మీద.

"ఆగు వదినా, చచ్చిపోతాను!"

"చావు! ఈ మొక్కలు నీ పడవకి అడ్డమని ఊరంతా చెప్పుకు తిరిగావుగా!"

అతను చేతిలోని మొక్కను ఆమె మీదికి విసిరాడు. "కళ్ళుంటే చూడు!"

మొక్క అడుగున నర్సరీవాళ్ళ నల్ల సంచి అలాగే ఉంది. లోపల వేళ్ళు బయటికి దారిలేక ఒకదాన్నొకటి చుట్టుకుని ముద్దయిపోయాయి.

"పీతలు కొరక్కుండా సంచితోనే పాతాను," అంది. గొంతులో జోరు తగ్గింది.

"ఊపిరాడక చస్తున్నాయి. సంచులు చింపి మళ్ళీ నాటుతున్నా. అటు చూడు, ముందు మార్చినవి."

అతని వెనక వరసలో మొక్కలు కొత్త చివుళ్ళు వేశాయి.

"ఆ ముక్క నాతో చెప్పి ఏడవచ్చుగా?"

"అన్న పోయినప్పట్నుంచీ నా ముఖం చూశావా నువ్వు?"

ఆమె తెడ్డు ఎత్తింది. అతను రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు.

తెడ్డు అతని పక్కన బురదలో దిగి గుంట చేసింది. సంచిని పళ్ళతో చింపుతూ ఆమె అంది:

"ఆ నెత్తురు తుడుచుకుని, తర్వాతది పీకు."